సెలవుల కాలక్షేపం, 2024 పాటలు, ఒక రాజకీయ సినిమా: మీవి చెప్పండి

పాతరికార్డు | 24 డిసెంబర్ 2024, ఉదయం 9:12

సెలవులు మొదలయ్యాయి కదా, ఏటా అడిగే ప్రశ్నలే మళ్ళీ అడుగుతున్నా. ఖాళీ దొరికితే ఏం చేస్తున్నారు? ఈ ఏడాది మిమ్మల్ని వదలని పాట, ఆల్బమ్ ఏది? మూడోది మామూలుగా "చూసిన మంచి సినిమా" అని ఉండేది. నిన్న సాయంత్రం దర్శకుడు శ్యామ్ బెనెగల్ పోయారు కాబట్టి ఈసారి రాజకీయ సినిమా అని మారుస్తున్నా. దేన్ని రాజకీయ సినిమా అనాలో మీ ఇష్టం. దాని మీద కొట్టుకున్నా పర్లేదు.

ముందు నావి. హార్డ్ డిస్కులో పాటల ఫైళ్ళకి పేర్లు సరిచేస్తున్నా. "ట్రాక్ 07", "ట్రాక్ 12" అని పడున్నవన్నీ విని, ఎవరు పాడారో ఆరా తీసి రాసుకోవడం. అటు పనీ కాదు, ఇటు ఆటా కాదు, కానీ కూర్చుంటే రాత్రి ఎప్పుడయిందో తెలీదు.

పాట: రమణ గోగుల మళ్ళీ పాడారండీ! 'గోదారి గట్టు మీద' ఈ నెల మొదట్లో వదిలారు. భీమ్స్ సంగీతం, తోడుగా మధుప్రియ. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గొంతులో గరుకు అలాగే ఉంది. సినిమా వచ్చే నెలంట, అదెలా ఉన్నా నాకనవసరం.

సినిమా: బెనెగల్ తీసిన 'మంథన్'. తీరిగ్గా రాస్తా.

మూడోబెంచీ | 24 డిసెంబర్, 9:40

ఖాళీ: నిద్ర. పాట: వింటూ నిద్రపోయినవి. సినిమా: ఇంటర్వెల్ దాకా మెలకువగా ఉన్నవి. ఇక మీరు కానివ్వండి.

ఎత్తుకు_పైఎత్తు | 24 డిసెంబర్, 10:25

నాది చదరంగం, ఎవరికీ ఆశ్చర్యం లేదనుకుంటా. ఈ నెల 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో గుకేశ్ గెలిచిన 14వ గేమ్‌ని బోర్డు మీద పేర్చుకుని మళ్ళీ మళ్ళీ ఆడుతున్నా. ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ఇంజిన్ ఆపేసి. ఇంజిన్ పక్కనుంటే మనకి అన్నీ తెలిసినట్టే ఉంటుంది, అసలు నొప్పి తెలీదు.

తెల్లతో ఆడుతున్న ప్రత్యర్థి డింగ్ లిరెన్‌కి ఒక బంటు తక్కువ. అయినా పట్టుకుని కూర్చుంటే డ్రా అయ్యే గేమే. 55వ ఎత్తులో రూక్‌ని ఎఫ్2లో పెట్టాడు. రూక్‌లు మార్చుకోవడానికి దారి ఇచ్చినట్టయింది, అది సరే. కానీ అతని బిషప్ ఎక్కడుందో చూడండి: ఏ8, బోర్డు మూల. రూక్‌లు పోగానే గుకేశ్ తన బిషప్‌ని డీ5లో పెట్టి ఎదురు నిలబెడతాడు. మూలన ఉన్నదానికి పారిపోయే గడి లేదు, మార్చుకోక తప్పదు. మిగిలేది రాజులూ బంట్లూ, అందులో తెల్లకి ఆశ లేదు. 7.5-6.5, పద్దెనిమిదేళ్ళకి ప్రపంచ ఛాంపియన్. ఆ బిషప్ నాలుగు గడులు ఇవతల ఉండుంటే కథ వేరు.

ఆల్బమ్: ద క్యూర్ అనే ఇంగ్లీషు రాక్ బృందం వాళ్ళ 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్'. పదహారేళ్ళ తర్వాత నవంబర్‌లో వచ్చింది. మొదటి పాటలో గొంతు వినపడటానికే మూడు నిమిషాలు దాటుతుంది. స్కిప్ నొక్కే అలవాటున్నవాళ్ళు ఆ పాటలో ఎవరూ పాడలేదనే అనుకుంటారు.

రాజకీయ సినిమా: మీరు చెప్పండి, నేను చూస్తా.

తీంతాళం | 24 డిసెంబర్, మధ్యాహ్నం 12:03

పాట అడిగితే ఈ నెలలో నాకు వేరే జవాబు లేదు. 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో తబలా జాకిర్ హుస్సేన్ పోయినప్పటినుంచి ఇంకేమీ వినబుద్ధి కావట్లేదు. ఈ ఫిబ్రవరిలోనే కదా ఒకే రాత్రి మూడు గ్రామీలు అందుకున్నారు! వాటిలో ఒకటి శక్తి బృందం 'దిస్ మొమెంట్'కి. అది 2023 ఆల్బమ్ అని ఎవరో ఒకరు అంటారు, అనండి. నా లెక్కలో ఈ ఏడాది ఆల్బమ్ అదే.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆయన ఎడమ చెయ్యి ఒక్కటే పట్టించుకుని వినండి. బాయా (ఎడమచేతి తబలా) మీద మణికట్టు నొక్కి ముందుకు జరిపితే ఆ గుమ్మనే మోత కిందినుంచి పైకి సాగుతుంది. పక్కన శంకర్ మహదేవన్ ఒక మాట అంటే దానికి జవాబు ఆ సాగదీతలోనే వచ్చేస్తుంది. వేగం గురించి అందరూ మాట్లాడతారు. వేగం చాలామందికి ఉంది.

సినిమా కూడా ఆయన ఉన్నదే చెప్తా: 'మంకీ మ్యాన్'. దేవ్ పటేల్ మొదటిసారి దర్శకత్వం వహించాడు. ఏప్రిల్‌లో అమెరికాలో విడుదలైంది, మన దేశంలో థియేటర్ల మొహం చూడలేదు. మతాన్ని పట్టుకుని అధికారంలోకి ఎక్కేవాళ్ళ కథ, పైకి మాత్రం ఫైటింగ్ సినిమా. మధ్యలో జాకిర్ కూర్చుని తబలా వాయిస్తుంటే హీరో వేలాడే బస్తాని గుద్దుతాడు. ఈయన ఒక ముక్క వాయించడం, వాడు అదే లయలో గుద్దడం. నెమ్మదిగా మొదలై ఇద్దరూ ఒకే దెబ్బకి చేరతారు. మిగతా సినిమా నాకు అంతగా ఎక్కలేదు, నిజం చెప్పాలంటే.

ఇద్దరు_పిల్లల_తల్లి | 24 డిసెంబర్, 2:48

నా ఫోను నాది కాదు. ఏడాది చివర పాటల యాప్ ఇచ్చిన లెక్క చూస్తే నేను అత్యధికంగా విన్నది ఏనుగు పాట, తర్వాత బస్సు చక్రాల పాట. స్పాటిఫైలో ముప్పై సెకన్లు వింటే ఒకసారి విన్నట్టు లెక్కట. మా చిన్నదానికి అదే ముప్పై సెకన్లు కావాలి, రోజంతా. లెక్కలో నా పాటలకి చోటెక్కడిది?

సొంతంగా విన్నది 'చుట్టమల్లే'. శిల్పా రావు గొంతు కోసం. అందరూ విన్నదే, నాకేం సిగ్గు లేదు.

కాలక్షేపం జిగ్‌సా. వెయ్యి ముక్కలది, పైన సగం అంతా ఆకాశమే. అంచులు అయిపోయాక రంగు చూసి వెతకడం మానేశా, అన్నీ ఒకే నీలం కదా. రెండు బొడిపెలూ రెండు గుంటలూ ఉన్నవి ఒక పళ్ళెంలో, మూడు గుంటలున్నవి ఇంకో పళ్ళెంలో, అలా ఆకారం బట్టి విడదీసుకుంటే పని నడుస్తోంది.

సినిమాల సంగతి: సెలవుల్లో కూడా ఏడవాలా అండీ? నవ్వుతూ చూసే రాజకీయ సినిమా ఉంటే చెప్పండి.

గట్టుమీద_గుడ్లగూబ | 24 డిసెంబర్, 4:15

ఉన్నాయి అక్కా. చాప్లిన్ 'ద గ్రేట్ డిక్టేటర్', 1940. నియంత భూగోళం బెలూన్‌ని చేత్తో, నడుంతో, కాలితో ఎగరేస్తూ ఆడుకుంటాడు. వెనక వినిపించేది వాగ్నర్ సంగీతం, హిట్లర్‌కి ప్రాణమైన వాగ్నర్. పిల్లలు కూడా చూడొచ్చు. తర్వాత కుబ్రిక్ 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్', 1964, పీటర్ సెల్లర్స్ మూడు వేషాలు. అణుబాంబులు వరసగా పేలుతుంటే వెనక 'మళ్ళీ కలుద్దాం' అనే తియ్యటి పాత పాట వస్తుంది. దానికి నవ్వాలో ఏం చెయ్యాలో మీరే చెప్పాలి.

ఈ రెండింట్లోనూ ఎగతాళి చేసే పని సంగీతం చేస్తోంది, గమనించారా? మాటలతో అదే చెప్తే ఉపన్యాసం అయ్యేది.

పాతరికార్డు | 24 డిసెంబర్, రాత్రి 10:50

'మంథన్' గురించి. 1976. గుజరాత్ పాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుంటే వచ్చిన పది లక్షలతో తీసిన సినిమా. టైటిల్స్‌లో నిర్మాతల పేరు అదే: రైతులు. ఈ ఏడాది మేలో బాగుచేసిన కొత్త ప్రింట్‌ని కాన్ చిత్రోత్సవంలో వేశారు, జూన్‌లో మన థియేటర్లకీ వచ్చింది. పెద్ద తెర మీద చూసే అదృష్టం నాకు పట్టింది.

ఈ సినిమాలో విప్లవం పాల శాంపిల్‌తో మొదలవుతుంది. పశువుల డాక్టర్ రావు (గిరీశ్ కర్నాడ్) ఊళ్ళో దిగి, బిందు (స్మితా పాటిల్) పాలు కొంచెం తీసుకెళ్ళి కొవ్వు శాతం చూస్తాడు. అప్పటిదాకా ప్రైవేటు డెయిరీ మిశ్రా (అమ్రీశ్ పురి) ఎంత చేతిలో పెడితే అదే ధర. కొవ్వు శాతం అనే అంకె ఒకటి పుట్టగానే మిశ్రా దయాధర్మం అక్కర్లేకుండా పోయింది. తర్వాత సొసైటీ ఎన్నిక వస్తుంది. అలవాటుగా నేనే అనుకున్న సర్పంచ్, దళితుల మనిషి చేతిలో ఓడిపోతాడు. ఎవరూ పిడికిలి ఎత్తరు. ఓట్లు లెక్కపెడతారు, అంతే. ఆ లెక్కపెట్టడం చూస్తుంటే ఊపిరి ఆగుతుంది.

ప్రీతి సాగర్ పాడిన పాట అందరికీ తెలిసిందే, వన్‌రాజ్ భాటియా స్వరం. దశాబ్దాలపాటు పాల ప్రకటనల్లో విని విని, సినిమాలోదని మర్చిపోయాం.

కాగితప్పడవ | 25 డిసెంబర్, ఉదయం 8:05

పాతరికార్డు గారూ, ఒక్క ప్రశ్న. డబ్బు పెట్టింది పాల సహకార సంఘం సభ్యులు, కథేమో పాల సహకార సంఘం ఎంత మంచిదో చెప్తుంది. దాన్ని ప్రకటన అనకుండా రాజకీయ సినిమా అంటున్నాం. ఈ ఏడాది ఎన్నికల ముందు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో 'యాత్ర 2', 'రాజధాని ఫైల్స్', 'వ్యూహం' వరసగా దిగాయి. వాటిని ప్రచారం అని కొట్టిపారేస్తాం. మన మనసుకి నచ్చినవాళ్ళు డబ్బు పెడితే కళ, నచ్చనివాళ్ళు పెడితే ప్రచారమా?

మూడోబెంచీ | 25 డిసెంబర్, 8:11

లేచి కూర్చున్నా.

తెరవెనుక | 25 డిసెంబర్, 9:30

మంచి ప్రశ్న. డబ్బు ఎవరిదన్నది నేను పట్టించుకోను, ఎవరి డబ్బో లేకుండా సినిమా ఉండదు. నేను చూసేది ఒకటే: మనవాడు తప్పు చెయ్యగలడా?

'మంథన్'లో డాక్టర్ వెంట వచ్చిన బృందంలోనే ఒకడు (అనంత్ నాగ్) ఊరి పిల్లని నమ్మించి ముంచుతాడు. అదే ఊళ్ళో సొసైటీ పేరు చెప్పి కులాల గొడవ రేగుతుంది. అమాయకురాలైన బిందు వేలిముద్రతో డాక్టర్ మీద తప్పుడు ఫిర్యాదు పుట్టిస్తారు. చివరికి డాక్టర్ బదిలీ అయి రైలెక్కుతాడు. ఐదు లక్షల మంది డబ్బు పెట్టి, తమ వాకిట్లోని మురికిని తామే తెర మీద చూసుకోవడానికి ఒప్పుకున్నారన్నమాట. ఎన్నికల సీజన్ సినిమాలో ఏ పార్టీదైనా సరే నాయకుడు తుమ్మడు కూడా. ఎదుటివాడు ఊపిరి తీసినా కుట్రే.

ప్రచారం తప్పని నేననను. ఎవరి గోల వాళ్ళు చెప్పుకోవచ్చు. కాకపోతే రెండుసార్లు చూడలేం.

కాగితప్పడవ | 25 డిసెంబర్, 9:58

సగం ఒప్పుకుంటా. అయితే ఐజెన్‌స్టీన్ 'బాటిల్‌షిప్ పొటెమ్‌కిన్'లో మనవాళ్ళు ఏ తప్పు చేశారు? 1925లో సోవియట్ ప్రభుత్వం దగ్గరుండి తీయించిన సినిమా. పచ్చి ప్రచారం. అందులో మెట్ల మీద తోపుడుబండిలో పసిపాప దొర్లుకుంటూ పోయే సీను వందేళ్ళుగా అందరూ ఎత్తి వాడుకుంటూనే ఉన్నారు. బ్రిటన్ 1954 దాకా నిషేధించింది. మీ కొలబద్ద పట్టుకుంటే అది పోతుంది.

గట్టుమీద_గుడ్లగూబ | 25 డిసెంబర్, 11:20

కొలబద్దలు పక్కన పెట్టండి. నాకు నచ్చిన రెండు చెప్తా, ఏ గదిలో పడతాయో మీరు తేల్చుకోండి.

పాంటెకోర్వో 'ద బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్', 1966. ఫ్రెంచి పాలన మీద అల్జీరియా తిరుగుబాటు. తిరుగుబాటుకి నాయకత్వం వహించిన సాదీ యాసెఫ్ తానే నిర్మాతల్లో ఒకడు, తెర మీద దాదాపు తన వేషమే తను వేశాడు. అంటే పక్షపాతం ఖాయం కదా? కానీ ముగ్గురు అమ్మాయిలు బుట్టల్లో బాంబులు తీసుకెళ్ళి పెట్టేముందు కెమెరా ఏం చేస్తుందో చూడండి. ఆ ఐస్‌క్రీం షాపులో కూర్చున్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూపిస్తుంది. ఐస్‌క్రీం నాకుతున్న పసివాడితో సహా. వెనక డప్పు. మనం ఎవరి పక్షమో ఆ క్షణంలో మనకే తెలీదు. ఫ్రాన్స్‌లో కొన్నేళ్ళు వెయ్యనివ్వలేదు. 2003లో ఇరాక్ యుద్ధం నడుస్తుండగా పెంటగాన్ తన అధికారులకి ఇదే సినిమా వేసి చూపించింది. తిరుగుబాటుదారులూ దీన్నుంచి నేర్చుకున్నారు, అణిచేవాళ్ళూ నేర్చుకున్నారు.

రెండోది కోస్టా-గావ్రాస్ 'జెడ్', 1969. 1963లో గ్రీసులో లాంబ్రాకిస్ అనే ఎంపీని సభ బయట కొట్టి చంపిన కేసు. దర్యాప్తు చేసే మేజిస్ట్రేట్ సైనిక, పోలీసు పెద్దల్ని ఒక్కొక్కరినే పిలిచి అడిగేది: పేరు, ఇంటిపేరు, వృత్తి. టైప్‌రైటర్ టకటకలాడుతుంటుంది. భుజాల మీద నక్షత్రాలున్నవాడు కూడా అదే బల్ల ముందు అదే ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి. అంతకన్నా తీయని సీను నేను చూడలేదు.

సంగీతం మికిస్ థియొడొరాకిస్. 1967లో సైనిక ప్రభుత్వం ఆయన పాటలు వెయ్యడం, వినడం రెండూ నేరమని ఉత్తర్వు ఇచ్చింది. సినిమా చివర్లో ఆ ప్రభుత్వం నిషేధించినవాటి జాబితా చదువుతారు: పొడుగు జుట్టు, మినీ స్కర్టులు, టాల్‌స్టాయ్, సోఫొక్లీస్, బీటిల్స్... అలా పోతూనే ఉంటుంది.

ఎత్తుకు_పైఎత్తు | 25 డిసెంబర్, 11:26

'జెడ్' రాసిపెట్టుకున్నా. ఈ రాత్రికే.

పల్లెపాట | 25 డిసెంబర్, సాయంత్రం 5:40

ఇంతసేపు తెలుగు సినిమా పేరు రాకపోతే ఎలా? గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీశారు. రెండోది జమీందార్లకి మండి, కొన్నిచోట్ల నిషేధం దాకా వెళ్ళింది. అప్పటికి మాటల సినిమా పుట్టి పదేళ్ళు కూడా కాలేదు. మనకి రాజకీయ సినిమా ఎక్కడినుంచో దిగుమతి కాలేదన్నమాట.

ఆ తర్వాత నా ప్రాణం 'మాభూమి'. గౌతమ్ ఘోష్ దర్శకత్వం, బి.నర్సింగరావు నిర్మాణం. బెంగాలీ కుర్రాడు వచ్చి తెలంగాణ సాయుధ పోరాటం తీశాడు, కిషన్ చందర్ నవల ఆధారంగా. 'బండెనక బండి కట్టి' పాట పాడుతూ తెర మీద కనిపించేది గద్దరే. కాళ్ళకి గజ్జె, భుజాన గొంగడి, ఆ గొంతు. పాట పోరాట కాలం నాటిది, సినిమా కోసం రాయించింది కాదు. అందుకే అది సినిమా కన్నా ముందూ ఉంది, తర్వాతా ఉంది. సినిమా చూడనివాళ్ళకి కూడా నోటికొస్తుంది.

ఈ ఏడాది పాట అడిగారు కదా: ఇదే. పోయినేడు ఆగస్టులో గద్దర్ పోయినప్పటినుంచి నా ప్లేలిస్ట్‌లో మొదటి వరస మారలేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి | 26 డిసెంబర్, ఉదయం 7:15

'గ్రేట్ డిక్టేటర్' చూశాం. పెద్దవాడు బెలూన్ సీను మూడుసార్లు వెనక్కి తిప్పించాడు. ఇప్పుడు ఇంట్లో గ్లోబుకి రక్షణ లేదు.

తెరవెనుక | 26 డిసెంబర్, 10:10

పాతరికార్డు గారి మూడు ప్రశ్నల్లో రెండింటికి ఒకే జవాబు నా దగ్గరుంది. 'సౌండ్‌ట్రాక్ టు ఎ కూ డేటా', బెల్జియం దర్శకుడు యోహాన్ గ్రిమోన్‌ప్రే తీసిన డాక్యుమెంటరీ, ఈ ఏడాదిదే. కాంగో తొలి ప్రధాని లుముంబాని 1961 జనవరిలో చంపారు. అంతకు కొద్దినెలల ముందే అమెరికా తన జాజ్ రాయబారిగా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని అక్కడికి పంపింది. జనం ఆయన్ని పల్లకీలో ఊరేగించారు. ఒకపక్క ట్రంపెట్, ఇంకోపక్క గూఢచారుల పని. ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఆ సంగతేం తెలుసు!

ఫిబ్రవరిలో హత్య వార్త బయటికొచ్చాక గాయని అబ్బీ లింకన్, డ్రమ్మర్ మాక్స్ రోచ్ ఇంకొందరితో కలిసి ఐరాస భద్రతా మండలి సమావేశంలోకి చొరబడి అరిచారు. ఈ సినిమా రెండున్నర గంటలు, వ్యాఖ్యాత గొంతు లేదు. దౌత్యవేత్త మాట మధ్యలో డ్రమ్ము దెబ్బ పడుతుంది, జవాబు చెప్పినట్టే. తీంతాళం గారు తప్పక చూడాలి.

ఇంకొకటి, బ్రెజిల్ సినిమా 'ఐయామ్ స్టిల్ హియర్'. ఈ నెల కేరళ చిత్రోత్సవంలో మొదటి సినిమాగా వేశారు, అక్కడ చూశా. 1971లో సైనిక ప్రభుత్వం తీసుకెళ్ళిన మాజీ ఎంపీ రూబెన్స్ పైవా తిరిగి రాలేదు. సినిమా ఆయన గురించి కాదు, ఐదుగురు పిల్లలతో మిగిలిన భార్య యునీస్ గురించి. పత్రికకి ఫొటో తీసేవాళ్ళు దిగులుగా ఉండాలంటే, ఆవిడ పిల్లలకి నవ్వమని చెప్తుంది. హింస ఒక్కటి కూడా నేరుగా చూపించరు.

తీంతాళం | 26 డిసెంబర్, 1:30

మాక్స్ రోచ్ పేరు చూశాక ఇంకా ఆగుతానా.

కాగితప్పడవ | 28 డిసెంబర్, రాత్రి 11:45

బెనెగల్ 'నిశాంత్' చూశా. 1975, విజయ్ తెందూల్కర్ రచన. జమీందారు తమ్ముళ్ళు బడిపంతులు భార్యని ఎత్తుకుపోతారు. పోలీసూ కలెక్టరూ ఎవరూ పట్టించుకోరు. చివరికి ఊరంతా తిరగబడుతుంది. ఇంతవరకూ మనకి తెలిసిన కథే.

కానీ జనం తిరగబడ్డాక ఆగరు. దుర్మార్గులు చస్తారు, పారిపోతున్న ఆ బడిపంతులు భార్యా చస్తుంది. జమీందారు ఇంటి కోడలిగా తనూ నలిగిపోయిన రుక్మిణి (స్మితా పాటిల్) కూడా. ఎవరి కోసం లేచారో ఆవిడే మిగల్లేదు. తెరవెనుక గారూ, మీ కొలబద్ద ఇక్కడ పనిచేసింది. మనవాళ్ళు తప్పు చేశారు. అయినా నాకు కోపంగా ఉంది. అణిగిపడున్నవాడు జీవితంలో ఒక్కసారి లేస్తే, ఆ ఒక్కసారి కూడా వాడి చేతికి రక్తం చూపించాలా? జమీందార్లు చూస్తే ఎంత సంతోషిస్తారు!

పల్లెపాట | 29 డిసెంబర్, ఉదయం 6:50

నేనూ కాగితప్పడవ పక్షమే. 'మాభూమి'లో జనం తిరగబడితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది, 'నిశాంత్'లో తిరగబడితే భయమేస్తుంది.

తెరవెనుక | 29 డిసెంబర్, 9:15

ఆ జనానికి సంఘం లేదు తమ్ముడూ. అదీ తేడా. 'మాభూమి'లో సంఘం ఉంది, ఎవరిని పట్టుకోవాలో ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్ళున్నారు. 'నిశాంత్'లో పంతులూ పూజారీ కలిసి రగిలించారే తప్ప, ఆ తర్వాత ఏంటన్నది ఎవరూ అనుకోలేదు. మరుసటేడే బెనెగల్, తెందూల్కర్ ఇద్దరూ కలిసి 'మంథన్' చేశారు: సభ్యత్వాలు, రసీదులు, ఓట్లు. 'నిశాంత్' తర్వాత ఆయనకి ఆ పుస్తకాలూ పద్దులూ ఎందుకు కావాల్సొచ్చాయో ఒకటి తర్వాత ఒకటి చూస్తే తెలుస్తుంది. జమీందారు సంతోషిస్తాడంటావా, సంతోషించనీ. తలుపు గొళ్ళెం మాత్రం పెట్టుకునే పడుకుంటాడు.

కాగితప్పడవ | 29 డిసెంబర్, 9:32

రెండూ పక్కపక్కన చూశాకే మాట్లాడతా. అప్పటిదాకా నా కోపం నాకుంచండి.

మూడోబెంచీ | 29 డిసెంబర్, 10:04

నేను 'మంథన్' ఎన్నిక దాకా చూశా. నిద్ర రాలేదు. ఫలితం ఎవరూ ముందే చెప్పకుండా ఉండాల్సింది.